అద్దం మీద తొడిమలు

మా అత్తగారు పోయిన నెల చనిపోయారు. నేను విత్తనాల గోడౌనులో ఉండగా ఫోను వచ్చింది. ఫోను ఎత్తిన గుమాస్తా రెండుసార్లు "ఆఁ" అని, రిసీవరు నా చేతికి ఇవ్వకుండానే పెట్టేశాడు. "మీ అత్తగారండీ," అన్నాడు. మిరపకాయల గోడౌనులో తొడిమలు తీస్తూ తీస్తూ పక్కనున్న ఆమె భుజం మీదికి ఒరిగారట. కునుకు పట్టిందనుకుని ఆ పక్కామె చాలాసేపు కదలకుండా కూర్చుందట.

సమాధి కార్యక్రమం అయ్యాక పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, సంఘం పత్రికకు ఆమె గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నాలుగు మాటలతో అయ్యే పని కాదు. ఆమె ఏట్లో మిరపకాయలు చల్లి దిష్టి తీస్తుందని మీలో చాలామంది నమ్మారు. ఆ కారణంగానే దాదాపు ఏడాది పాటు ఆమె రొట్టె, ద్రాక్షరసం ముట్టుకోకుండా వెనక చాప మీద కూర్చున్నారు. అలాగే పోయారు. ఆమె దిష్టి తీయలేదు. ఏం చేశారో చెప్పాలంటే నా గురించి ఒక సంగతి బయటపెట్టాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ఇద్దరం నోరు విప్పలేదు.

ఆమె చేతుల గురించి ముందు చెబుతాను. ముప్పై ఏళ్ళు మిరప తొడిమలు తీసిన చేతులు. ఎంత కడిగినా మంట పోదు. కన్నీళ్ళు వస్తే ఆమె చేత్తో తుడుచుకోలేరు. భుజం ఎత్తి, జాకెట్టు చేతికి కళ్ళు అద్దుకునేవారు. పిల్లల బుగ్గలు చేతి వెనక వైపుతో నిమిరేవారు. మా పెళ్ళినాడు నన్నూ అలాగే నిమిరారు. "కారం చెయ్యి అబ్బయ్యా, ఏమీ అనుకోబాక," అన్నారు. మామగారు నా భార్య చిన్నతనంలోనే పోయారు. ఆ చేతులతోనే ఒక్క కూతుర్ని టీచరు ట్రైనింగు దాకా చదివించారు. తాను మాత్రం అక్షరం ఎరుగరు. బైబిలు కూతురు చదివితే వినేవారు. విన్నది మరిచిపోయేవారు కాదు.

ఇక విమానం. మీరు దాన్ని పడవ విమానం అనేవారు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఒక పత్తి విత్తనాల వ్యాపారి దాన్ని విదేశం నుంచి పెట్టెల్లో తెప్పించాడు. తెల్లదోమ పత్తిని పీల్చేశాక మా వైపు రైతులు ఏ విత్తనాన్నీ నమ్మడం మానేశారు. ఆకాశం నుంచి ప్రకటన కాగితాలు పడితే నమ్ముతారని ఆయన అనుకున్నాడు. కాలేజీలో ఎన్.సి.సి. గ్లైడర్లతో మొదలుపెట్టి, లైసెన్సు తీసుకుని, పైరు మీద మందు చల్లే విమానాల దగ్గర మూడేళ్ళు పనిచేసినవాణ్ణి నేను. నన్ను పెట్టుకున్నాడు.

పైపుల చట్రం, గుడ్డ రెక్కలు, నెత్తిమీద స్కూటరులా మోత చేసే ఇంజను. ముందు తలుపు లేదు, అద్దం లేదు. పక్కపక్కన రెండు సీట్లు. కూర్చుంటే కాళ్ళ కింద గాలే. చక్రాలతో దిగాలంటే చదునైన పొలం కావాలి. మా వైపు పత్తో మిరపో వేయని ఎకరం లేదు. ఉన్నా విమానానికి ఎవరిస్తారు? అందుకని చక్రాలు తీయించి ఫ్లోట్లు పెట్టించాడు. ఫ్లోటంటే అన్ని వైపులా మూసేసిన డొల్ల పడవ. చెరొక పక్కన ఒక్కొక్కటి. కొత్తపట్నం దగ్గర ఉప్పుటేరులో ఎక్కువగా తెల్లవారగానే లేచి, ఎండ ముదరకముందే అక్కడే దిగేవాణ్ణి. వినుకొండ దాకా వెళ్ళిన రోజుల్లో అక్కడి చెరువులో ఆగి పెట్రోలు పోసుకునేవాణ్ణి. దారిపొడుగునా కింద ఆరబోసిన మిరపకాయలు ఎర్ర చాపలు పరిచినట్టు కనిపించేవి.

ఉప్పునీటి నుంచి వచ్చిన ప్రతిసారీ ఫ్లోట్లను మంచినీళ్ళతో కడగాలి. లేకపోతే తుప్పు. ఆ పని మా అత్తగారు ఎవరూ అడగకుండానే తన మీద వేసుకున్నారు. పనికి పోయేముందో, పని అయ్యాకో, నేను దిగే వేళకు బిందెతో వచ్చేవారు. ఏటి గట్టున దోనె నడిపే ఒకాయన ఉండేవాడు, చేపలు పట్టుకునే మనిషి. ఆయనకు ఇది వేళాకోళం.

"ఏందక్కా, పిట్టకి తలంటు పోత్తన్నావా?"

"ఉప్పునీళ్ళల్లో తిరిగొచ్చింది. గేదెనయితే కడగవా ఏంది?"

"గేదె పాలిత్తది గందా."

"ఇది మా అల్లుణ్ణి ఇంటికి తెత్తది. చాల్లే పో."

శనివారాలు, సెలవు రోజులు నా భార్య పక్క సీట్లో కూర్చుని కాగితాలు వదిలేది. మొదటి రోజే ఒక చెప్పు జారి ఏట్లో పడిపోయింది. రెండోది ఇంటికి తెచ్చి ఏం చేసుకోవాలని అదీ విసిరేసింది. అప్పట్నుంచి ఉత్త కాళ్ళతోనే ఎక్కేది. ఆమెకొక అలవాటు ఉండేది. దిగేటప్పుడు, నీళ్ళు ఇక తగులుతాయనగా, రెండు కాళ్ళూ పైకి ముడుచుకునేది. ఫ్లోట్లు తాకితే తుంపర లేచి చీర కుచ్చిళ్ళు తడుస్తాయి, అందుకు. ఎత్తు అంచనా కట్టడానికి నేను గట్టు మీది చెట్లను చూడాలి. ఆమె దేన్ని చూసేదో తెలియదు. నాకంటే ముందే ముడిచేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

"నీకెలా తెలుస్తుంది?" అని అడిగాను.

"కాళ్ళకి చల్లగా తగుల్తుందండి," అంది.

పెళ్ళయిన నాలుగో ఏడు కామెర్లు వచ్చి పన్నెండు రోజుల్లో పోయింది. ఆ పన్నెండు రోజుల గురించి రాయను. సమాధి దగ్గర మా అత్తగారి జాకెట్టు చెయ్యి మోచేతి దాకా తడిసిపోవడం గుర్తుంది. నెల తిరక్కుండా నేను మళ్ళీ విమానం ఎక్కాను. చర్చికి రావడం మానేశాను. మీరు ఏమీ అనలేదు. అందుకు కృతజ్ఞుణ్ణి.

చలికాలంలో పొద్దున ఎనిమిదింటి దాకా ఏటి మీద గాలి ఉండదు. అప్పుడు ఏరు అద్దమవుతుంది. బయటి నుంచి చూసేవాళ్ళకు అది అందం. నీటి మీద దిగే విమానానికి అంతకు మించిన ప్రమాదం లేదు. నీళ్ళు కనపడవు. పైన ఒక ఆకాశం, కింద ఒక ఆకాశం కనపడతాయి. పది అడుగుల ఎత్తులో ఉన్నామో వంద అడుగుల ఎత్తులో ఉన్నామో కన్ను చెప్పలేదు. నాకు నేర్పినవాళ్ళు చెప్పింది ఇంతే. గట్టు దగ్గరగా రా. ముక్కు కాస్త ఎత్తి పెట్టు. ఇంజను కొంచెం నడవనీ. నిదానంగా దిగుతూ ఉండు. నీళ్ళు వచ్చినప్పుడు వస్తాయి. కిందికి మాత్రం చూడకు.

భార్య పోయాక వచ్చిన మొదటి అద్దం రోజున నేను కిందికి చూశాను.

కింద ఇంకో విమానం నా వైపు పైకి వస్తోంది. నీళ్ళలోని నీడలో మనకు విమానం అడుగు భాగమే కనపడుతుంది. రెండు ఫ్లోట్లు, వాటి మధ్య సందు, సందులో పైపులు, పెడళ్ళు. పెడళ్ళ మీద నా బూట్లు. వాటి పక్కన రెండు ఉత్త పాదాలు.

తల తిప్పి పక్క సీటు చూశాను. ఖాళీ. దాని బెల్టు పొద్దున నేనే బిగించి కట్టాను. అలాగే ఉంది. మళ్ళీ కిందికి చూశాను. పాదాలూ ఉన్నాయి. వేళ్ళు కిందికి వేలాడుతున్నాయి. ఎడమ పాదం కాస్త లోపలికి తిరిగి ఉంది. ఆమె అలాగే కూర్చునేది.

నేను ముక్కు దించాను. పొరపాటున కాదు. ఇది రాయడానికే ఇంత దూరం వచ్చాను. కింది విమానం ముక్కు ఎత్తి నాకు ఎదురొచ్చింది. రెండూ కలిసే చోటికి వెళ్తే చాలనిపించింది. అంతకంటే వివరంగా చెప్పలేను.

అప్పుడు ఒక చేప ఎగిరింది. వలయాలు లేచాయి. నీళ్ళు రెండు నిలువుల దూరంలో ఉన్నాయని తెలిసింది. చెయ్యి దానంతట అదే విమానం నడిపే కర్రను వెనక్కి లాగింది. ఫ్లోట్లు గట్టిగా కొట్టుకుని, ఎగిరి, మళ్ళీ పడ్డాయి. విమానం నిలబడింది.

గట్టున ఒక నల్లరాయి ఉంది. మా అత్తగారు దాని మీద బిందె పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నేను దిగేదాకా లేవలేదు.

"అబ్బయ్యా, ఎందుకట్టా తల వొంచుకోని దిగావు?"

"ఏం లేదత్తమ్మా. ఎండ కళ్ళలో పడింది."

"ఎండ నీ ఎనకమాల ఉంటే కళ్ళల్లో ఎట్టా పడిద్దీ?"

నేను తాడు కడుతున్నట్టు వంగాను. ఆమె కొంగు దోపుకున్నారు. తర్వాత, ఆ పక్క ఊరు బస్సు వచ్చిందా అని అడిగినంత మామూలుగా అడిగారు.

"కాళ్ళు కనపడ్డయ్యా?"

నేను తాడు ముడి మళ్ళీ బిగించాను. ఆమె రెట్టించలేదు. బిందె ఎత్తి ఫ్లోట్లు కడగడం మొదలుపెట్టారు. పక్క సీటు కింద, కాళ్ళు పెట్టుకునే పైపును ఆ రోజు చాలాసేపు కడిగారు.

రెండు రోజులకు ఆమె నెత్తిన గోతంతో వచ్చారు. దోనె నడిపే ఆయన ఊరుకుంటాడా?

"ఏందక్కా ఆ మూట?"

"తొడిమలు. గోడౌనులో పారబోసేయ్యే."

"ఏటికి పులుసు పెడతన్నావా ఏంది? నేను చేప పట్టకముందే నువ్వు కారమేత్తన్నావే!"

"నోరు మూసుకోని గడెయ్. అల్లుడి ఇంజను ఇనపడితే నన్ను నడిమజ్జకి తీసకపోవాల."

నాకు చెప్పింది కూడా అంత క్లుప్తంగానే. "చేప ఎగిరితే నీకు నీళ్ళు ఆనినయ్యి. చేప రోజూ ఎగరదు గందా. తొడిమలు నేను తెత్తా."

నేను కళాశాలలో భౌతికశాస్త్రం చదివినవాణ్ణి. విదేశాల్లో ఇలాంటి చోట్ల నీటి మీద ఏదో ఒకటి విసిరి అద్దాన్ని చెదరగొడతారని ఎక్కడో చదివాను కూడా. నాకు తట్టలేదు. ఎండిన తొడిమ తేలుతుంది. తడిసినా చాలాసేపు మునగదు. అందులో తాలుకాయలు, చితికిన ఎర్ర తోళ్ళు కలిసి ఉంటాయి కాబట్టి పైనుంచి కనపడుతుంది. ఇదంతా ఆమె గోడౌను వెనక వాన నీటి గుంటలో చూసి తెలుసుకున్నారు.

పద్ధతి ఇది. సాయంత్రం పొయ్యి పొగను చూసేవారు. అది వంగకుండా నిటారుగా లేస్తే, "రేపు అద్దం పడిద్ది," అనేవారు. మర్నాడు పనికి వెళ్ళేముందు ఏటికి వచ్చి, దోనెలో గోతం పెట్టుకుని, పడమటి వైపు చెవి పెట్టి కూర్చునేవారు. ఇంజను వినపడగానే దోనె కదిలేది. పిడికిలి నింపి, చెయ్యి గుండ్రంగా తిప్పి, విత్తనం చల్లినట్టు చల్లేవారు. ఏటి మీద వంద గజాల గీత పడేది. గీత ఉన్నచోట నీళ్ళు. అది తెలిస్తే చాలు. ఆ గీత పక్కన దిగిన రోజుల్లో నాకు పాదాలు కనపడలేదు.

"పైనున్నోడికి కిందేముందో తెలవదు. కిందున్నోళ్ళం చెప్పాల," అనేవారు.

ఆమె నాకు ఇంకేమీ చెప్పలేదు. దేవుడి గురించి చెప్పలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోమనలేదు. అన్నం తిన్నావా అని కూడా అడిగేవారు కాదు. గిన్నె పెట్టి వెళ్ళేవారు, మర్నాడు గిన్నె తీసుకెళ్ళేవారు. అందులో ఎంత మిగిలిందో చూసేవారని నాకు తెలుసు.

రెండు చలికాలాలు అలా గడిచాయి. ఆ రెండో చలికాలంలో వచ్చిన ఆదివారం సంగతి మీలో చాలామందికి తెలుసు. మీకు తెలిసింది సగం.

అది బల్ల ఉన్న ఆదివారం, తెల్లవారుజామునే ఆరాధన పెట్టి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. వినుకొండ వైపు రైతుల సమావేశం ఉందని వ్యాపారి నన్ను ముందురోజే పంపాడు. పొద్దున తిరిగి రావాలి. ఆమెకు చెప్పలేదు. చర్చి రోజున ఆమెను కదిలించడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆమె రాకపోతే బాగుండునని ఉంది.

ఏటి మీదికి వచ్చేసరికి అంత నున్నటి అద్దం నేను అంతవరకూ చూడలేదు. పాదాలు చాలా ఎత్తు నుంచే కనపడ్డాయి. ఒక చుట్టు తిరిగాను. రెండో చుట్టు చర్చి కప్పు మీదుగా తిరిగాను. ఇంజను మోత మీ పాటలో కలిసింది, ఆమె చెవిన పడింది. రొట్టె పళ్ళెం ఆమెకు ఇద్దరి అవతల ఉందట. ఆమె లేచి బయటికి నడిచారు. తర్వాత పరుగెత్తారు. అక్కణ్ణుంచి ఏటికి ముప్పావు మైలు.

దోనె ఆయన లేడు. నేను ఇంకా నాలుగైదు చుట్లు తిరిగి ముక్కు దించుతుండగా, తెల్ల చీరతో ఒక మనిషి నడుము లోతు నీళ్ళలో దోనెను తోసుకుంటూ రావడం కనిపించింది. గీత గీయడానికి వ్యవధి లేదు. దోనెలోనే ఉంచిన గోతం రెండు చేతులతో ఎత్తి ఒక్కసారిగా బోర్లించారు. అద్దం నడిమధ్యలో ఎర్రగా ఒక మరక పడింది. నేను దాని పక్కన దిగాను.

ఆమె నా మీద కోప్పడింది ఆ ఒక్కసారే. నీళ్ళలోనే నిలబడి, రొప్పుతూ, కారం చేతులు దూరంగా చాపి పెట్టుకుని అన్నారు.

"నా కూతుర్ని నేను పూడ్చుకున్నా. నిన్ను కూడా పూడ్చే ఓపిక నాకు లేదు. ఇంటన్నావా?"

"వింటున్నానత్తమ్మా."

"గాలి లేని రోజు నాకు చెప్పకుండా ఎగరబాక. ఆదివారమైనా సరే, ఆఖరికి నా చావురోజైనా సరే. చెప్పు."

"ఎగరను."

ఆమె వెనకే చర్చి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు గట్టు దాకా వచ్చారు. మా మాటలు వాళ్ళకు అందలేదు. కనపడింది నీళ్ళ మీద మిరపకాయలు, చుట్టూ తిరుగుతున్న విమానం. మన ఊళ్ళలో ఎవరైనా అనుకునేదే వాళ్ళూ అనుకున్నారు. నేను వాళ్ళను తప్పు పట్టను.

తర్వాత జరిగింది పాస్టరు గారు నాకు సమాధి దగ్గర చెప్పారు. అంతవరకు నాకు తెలియదు. పెద్దలు ఆమెను పిలిపించారు.

"ఏం చల్లావమ్మా?"

"తొడిమలయ్యా."

"ఎందుకు?"

"అద్దం పగలగొట్టటానికి."

"ఏ అద్దం?"

ఆమె మాట్లాడలేదట. మాట్లాడితే నా సంగతి చెప్పాలి. చావాలనుకున్న మనిషిని సంఘం ఎలా చూస్తుందో ఆమెకు తెలుసు. ఇక చల్లనని ఒక్క మాట అంటే చాలమ్మా, మరిచిపోదాం అన్నారట. "అనలేనయ్యా. గాలి లేని రోజు నేను చల్లాల," అన్నారట. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా బల్లకు దూరంగా ఉండమన్నారు.

ఆమె దూరంగా ఉన్నారు. ప్రతి ఆదివారం వచ్చి వెనక చాప మీద కూర్చున్నారు. పళ్ళెం వచ్చినప్పుడు కొత్తవాళ్ళెవరైనా తెలియక అందించబోతే, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "కారం చేతులమ్మా," అనేవారట. ఆ మాట మీలో కొందరైనా విని ఉంటారు. దాని అర్థం ఇప్పుడు చెప్పాను.

"ఆ రోజే మిమ్మల్ని అడిగి ఉండాల్సింది," అన్నారు పాస్టరు గారు.

"అడిగినా నేను చెప్పేవాణ్ణి కాదండి," అన్నాను. అది నిజం.

సమాధుల దొడ్డి బయట, గోడ పక్కన దోనె ఆయన తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, ఒక మాట. చెప్పచ్చో లేదో."

"చెప్పు."

"అక్క తొడిమలు చల్లబోయే ముందు నీళ్ళల్లోకి వొంగి మాట్టాడేది."

"ప్రార్థనా?"

"కాదండీ." తువ్వాలు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "'పక్కకి జరగవే తల్లీ, అబ్బయ్య దిగాల' అనేది. ఒకసారి కాదు. చల్లబోయినప్పుడల్లా."

నేను ఏటి వైపు తిరిగాను.

"నువ్వు నీళ్ళలోకి చూశావా?" అని అడిగాను.

"నాకు గడేసే పనుంది గదండీ," అన్నాడు. నా ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇది రాస్తే ఆమె మీద ఇంకో మాట పడుతుందని తెలుసు. దిష్టి కాకపోతే చచ్చినవాళ్ళతో మాటలంటారు. అనండి. ఒక తల్లి తన కూతుర్ని పక్కకు జరగమంది. నేను బతికి ఉండి ఇది రాస్తున్నాను. రొట్టె పళ్ళెం మీదికి చేయి చాపే హక్కు ఆమె కంటే ఎక్కువ ఉన్నవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు.

ఆమె పోయిన రెండు వారాలకు వ్యాపారి విమానాన్ని అమ్మేశాడు. వినుకొండ చెరువులో ఉన్నదాన్ని చివరిసారి ఏటికి తెస్తే, రెక్కలు విప్పి లారీలో వేసుకుపోతామన్నారు. బయలుదేరే ముందురోజు సాయంత్రం అక్కడి ఇళ్ళ మీద పొయ్యి పొగలు చూశాను. నిటారుగా లేస్తున్నాయి. గాలి లేని రోజు చెప్పకుండా ఎగరనని ఆమెకు మాట ఇచ్చాను. ఎవరికి చెప్పాలి? మర్నాడు పొద్దున సీటులో కూర్చుని, ఇంజను తిప్పే ముందు, "అత్తమ్మా, వెళ్తున్నాను," అన్నాను.

ఏరు ఖాళీగా ఉంది. దోనె ఒడ్డుకు లాగి ఉంది. దోనె ఆయన వేరేవాళ్ళ పడవలో సముద్రానికి పోయినట్టున్నాడు. తొడిమలు చల్లమని నేను అతన్ని అడిగి ఉండవచ్చు. అడగలేదు. గీత లేదు. నల్లరాయి మీద ఎవరూ లేరు. రెండు ఆకాశాల మధ్య అతుకు కూడా కనపడలేదు.

నేర్పినట్టే చేశాను. గట్టు దగ్గరగా వచ్చాను. ముక్కు ఎత్తి పెట్టాను. ఇంజను కొంచెం నడవనిచ్చాను. కిందికి చూడకూడదనుకున్నాను. చూశాను.

నా బూట్లు. పక్కన పాదాలు. ఎడమది కాస్త లోపలికి తిరిగి ఉంది. రెండు చలికాలాలుగా అవి ఎప్పుడు కనపడినా కదలకుండా వేలాడుతూనే ఉండేవి. ఇప్పుడూ వేలాడుతున్నాయి. ఎంత ఎత్తులో ఉన్నానో తెలియడం లేదు. కర్ర మీద నా చెయ్యి బరువెక్కుతోంది.

"పక్కకి జరగవే తల్లీ," అన్నాను. ఇంజను మోతలో నా గొంతు నాకే వినపడలేదు. "అబ్బయ్య దిగాల."

కింద ఆ రెండు పాదాలు పైకి ముడుచుకున్నాయి.

నేను ముక్కు ఎత్తి పట్టుకుని ఇంజను తగ్గించాను. అదే క్షణాన ఫ్లోట్లు నీటిని తాకాయి. ఎప్పుడు తాకాయో తుంపర చూసి చెప్పాల్సినంత మెత్తగా తాకాయి.

ఇంజను ఆపాక విమానం చాలా దూరం తేలుతూ పోయింది. ఎక్కడా శబ్దం లేదు. వెనక లేచిన అల రెండుగా చీలి, ఒక పాయ గట్టు వైపు వెళ్ళింది. నల్లరాయి దాకా పోయి, దాన్ని సగం తడిపి, వెనక్కి తిరిగింది. రెండు చలికాలాల్లో ఆమె పిడికిలి నుంచి ఆ రాతి సందుల్లో రాలి మిగిలినవి కొన్ని ఉన్నట్టున్నాయి. అల వాటిని తీసుకుని వచ్చింది. ఒక తొడిమ, వెనక ఇంకొకటి, తర్వాత నాలుగైదు, చిన్న ఎర్ర తోలు ముక్క ఒకటి. మెల్లగా ఏటి మధ్యకు, అద్దం మీదికి వచ్చాయి.